ఎవరి అద్దంలో మా మొహం?

తళ్లికోట యుద్ధం పాఠం చెప్పిన రోజు తరగతిలో తలలన్నీ మా వైపు తిరిగాయి. యాభై మందికి పైగా ఉన్న పిల్లల్లో మేం ముగ్గురం. మాస్టారు చెడ్డ మనిషి కాదు. రంజాన్ పండక్కి మా ఇళ్లకొచ్చి షీర్ ఖుర్మా తాగి వెళ్లే మనిషే. అయినా హంపీ తగలబడే ఘట్టానికి వచ్చేసరికి ఆయన గొంతు మారింది. 'తురుష్కులు' అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగారు. ఆ క్షణంలోనే తలలు తిరిగాయి. గంట కొట్టాక వేపచెట్టు కింద ఎవడో అడిగాడు: "మీవాళ్లేగా తగలబెట్టింది?"

మాకు జవాబు తెలీదు. 'మావాళ్లు' ఎవరో కూడా అప్పటికి తెలీదు. మా ముగ్గురి తండ్రుల్లో ఒకరిది సైకిలు షాపు, ఒకరు దర్జీ, ఒకరు బస్సు డిపోలో మెకానిక్కు. ముగ్గురిలో ఎవరూ హంపీ మొహం చూడలేదు. సుల్తానులకీ మా సైకిలు షాపుకీ ఏం సంబంధమో మాకెవరూ చెప్పలేదు. కానీ ఆ రోజు నించి సంబంధం ఉన్నట్టే నడుచుకున్నాం. తలొంచుకుని ఇంటికెళ్లాం.

ఇక్కడ దాచుకోకుండా చెప్పాల్సిన మాట ఒకటుంది. పాఠం వింటున్నంత సేపూ మేమూ రామరాయల పక్షమే. ఆయన ఓడిపోకూడదని అందరితో పాటు మేమూ ఊపిరి బిగబట్టాం. హంపీ కాలిపోతుంటే మాకూ కడుపు మండింది. కథ నడుస్తున్నంత సేపు విజయనగరం సైన్యంలో ఉన్నాం. తలలు తిరిగాక చూసుకుంటే అవతలి సైన్యంలో నిలబడి ఉన్నాం. మధ్యలో మమ్మల్ని ఎవరు మోసుకెళ్లి అక్కడ పడేశారో అర్థం కాలేదు. చాలా ఏళ్ల దాకా దానికి పేరు కూడా దొరకలేదు.

పేరు దొరికింది హైదరాబాదు ఆబిడ్స్‌లో, ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న ఒక పాత పుస్తకంలో. రాసినవాడు ఫ్రాంట్జ్ ఫానన్. 1925లో కరీబియన్ సముద్రంలోని మార్టినిక్ దీవిలో పుట్టిన నల్లవాడు. ఫ్రాన్సులోని లియాన్‌లో మానసిక వైద్యం చదివాడు. 1952లో, ఇరవయ్యేడో ఏట, 'నల్ల చర్మం, తెల్ల ముసుగులు' అచ్చువేశాడు. మార్టినిక్ అప్పట్లో ఫ్రెంచి వలస. అక్కడి నల్ల పిల్లలు బడిలో తమ పూర్వీకులు గాల్ జాతివాళ్లని వల్లెవేసేవారు. ఇంటి దగ్గర బొమ్మల పత్రికల్లో టార్జాన్ కథలు చదివేవారు. ఆ కథల్లో దుష్టుడు, అనాగరికుడు, నరమాంస భక్షకుడు ఎప్పుడూ నల్లవాడే. చదివే నల్ల పిల్లవాడు మాత్రం టార్జాన్ పక్షాన నిలబడి ఆ నల్లవాళ్ల మీద గెలుస్తుంటాడు. తను నల్లవాడినన్న సంగతే వాడికి తట్టదు. అదే పిల్లవాడు పెరిగి ఫ్రాన్సుకి వెళ్లి అక్కడి సినిమా హాల్లో అదే బొమ్మ చూస్తే, చుట్టూ ఉన్న తెల్లవాళ్ల కళ్లు తెరమీది అడవి మనిషినీ పక్క సీట్లోని ఇతన్నీ కలిపి చూస్తాయి. అప్పుడిక తప్పించుకునే దారి ఉండదు.

ఫుట్‌పాత్ మీద నిలబడే ఆ పేజీలు చదివాం. తళ్లికోట పాఠం గుర్తొచ్చింది. సముద్రాల అవతల ఎవరో నల్ల డాక్టరు మా ఏడో తరగతిని చూసి వచ్చి రాసినట్టనిపించింది.

మనిషి 'నేను' అనే మాటను ఎక్కణ్ణించి తెచ్చుకుంటాడు? పుట్టుకతో వచ్చేదేనని మనం అనుకుంటాం. కాదంటుంది మనోవిశ్లేషణ. 'నేను' తయారవుతుంది. అమ్మ చూపులోంచి, నాన్న మాటలోంచి, విన్న కథల్లోంచి, చదివిన పుస్తకాల్లోంచి ముక్కముక్కగా అతుక్కుంటుంది. కాబట్టి ఆ కథలు ఎవరివి, వాటిలో మనకిచ్చిన వేషం ఏమిటన్నది పండితుల గొడవ కాదు. అది మన బతుకు గొడవ.

ఈ శాస్త్రం పుట్టుకలోనే ఒక మైనారిటీ పిల్లవాడి కథ ఉంది. సిగ్మండ్ ఫ్రాయిడ్ 1856లో ఫ్రైబెర్గ్ అనే చిన్న ఊళ్లో యూదు కుటుంబంలో పుట్టాడు. పెరిగింది వియన్నాలో. పది పన్నెండేళ్ల వయసులో తండ్రి అతనికొక పాత సంగతి చెప్పాడు. కాలం మెరుగైందని కొడుక్కి తెలియాలని చెప్పిన సంగతి అది. యువకుడిగా ఉన్నప్పుడు కొత్త టోపీ పెట్టుకుని వీధిలో వెళ్తుంటే ఒక క్రైస్తవుడు ఆ టోపీని బురదలో పడగొట్టి, యూదుడా దారి వదులు అని గద్దించాడట. మరి నువ్వేం చేశావని అడిగాడు కొడుకు. రోడ్డు మీదికి దిగి టోపీ తీసుకున్నానన్నాడు తండ్రి.

చెయ్యి పట్టుకుని నడిపిస్తున్న అంత పెద్ద మనిషి అంత మాటతో సరిపెట్టుకోవడం ఆ పిల్లవాడికి మింగుడు పడలేదు. బడిలో చదివిన చరిత్రలోంచి ఇంకో తండ్రిని వెతుక్కున్నాడు. కార్తేజ్ సేనాని హమిల్కార్. రోమన్ల మీద పగ తీర్చుకుంటానని కొడుకు హానిబాల్ చేత ప్రమాణం చేయించిన తండ్రి. చరిత్ర పాఠంలో ఆ వయసు పిల్లలు చాలామందిలాగే ఫ్రాయిడ్ కూడా రోము వైపు కాక హానిబాల్ వైపు నిలబడ్డాడు. హానిబాల్ సెమిటిక్ జాతివాడు, యూదులకి దూరపు చుట్టం. ఇదంతా ఫ్రాయిడ్ 'కలల వ్యాఖ్యానం'లో స్వయంగా చెప్పుకున్నాడు. ఆ పుస్తకం వచ్చేనాటికి అతనికి రోము చూడాలని ఎంతో కోరిక. హానిబాల్‌లాగే తనూ రోము దాకా వెళ్లలేకపోతున్నానని కలలు కనేవాడు. చివరికి 1901లో గాని ఆ నగరంలో అడుగుపెట్టలేదు.

మన కళ్లతో చూస్తే ఇదేమిటి? వీధిలో అవమానపడ్డ తండ్రి. ఆ అవమానాన్ని మోయలేని కొడుకు. మోయడానికి ఊతకర్రగా దొరికిన కథ. మా నాన్నలు కూడా ఎన్నో టోపీలు బురదలోంచి తీసుకున్నారు. ఇల్లు అద్దెకిస్తామని చెప్పి పేరు వినగానే 'మా చుట్టాలొస్తున్నారండీ' అన్నవాళ్ల గుమ్మాల ముందు నించి మాట్లాడకుండా తిరిగొచ్చారు. ఎందుకు ఊరుకున్నావని మేమూ అడిగాం. వాళ్లకీ జవాబు లేదు. తేడా ఒక్కటే. ఫ్రాయిడ్‌కి పాఠంలో ఒక హానిబాల్ దొరికాడు. మాకు దొరికిన పాఠంలో మావాళ్లన్నవాళ్లు తగలబెట్టేవాళ్లు మాత్రమే.

ఫ్రాయిడ్ కథకి చివర కూడా మరిచిపోకూడనిది. 1933లో నాజీలు ఆయన పుస్తకాలు తగలబెట్టారు. 1938లో ముసలితనంలో, జబ్బుతో వియన్నా వదిలి లండన్ వెళ్లాడు. మరుసటేడు అక్కడే చనిపోయాడు. వెనక ఉండిపోయిన నలుగురు చెల్లెళ్లు నాజీల నిర్బంధంలో చనిపోయారు. తండ్రి టోపీ పడ్డ బురదలోనే అంతా పడింది. కాలం మెరుగైందని తండ్రులు కొడుకులకి చెప్పే మాటను అంత తేలిగ్గా నమ్మకూడదేమో.

ఫ్రాయిడ్ తరవాతివాడు జాక్ లకాన్ అద్దం సంగతి చెప్పాడు. 1936లో మొదట చెప్పి, 1949లో విస్తరించాడు. ఆరు నించి పద్దెనిమిది నెలల పసివాడు అద్దంలో తన బొమ్మ చూసుకుని కేరింతలు కొడతాడు. కాళ్లూ చేతులూ ఇంకా స్వాధీనంలో లేవు. అద్దంలో మాత్రం ఒక నిండు మనిషి. అదే నేను అనుకుంటాడు. అంటే 'నేను' మొదటిసారి కనిపించేదే బయట, ఒక బొమ్మలో. ఫానన్ ఈ మాట పట్టుకుని తిరగేశాడు. అద్దం అందరికీ ఒకేలా ఉందా? నల్లవాడి ముందు పెట్టిన అద్దంలో కనిపించేది అతని మొహమేనా, తెల్లవాడు గీసిన బొమ్మా? రైల్లో ఒక తెల్ల పిల్లవాడు తనని చూసి భయపడి తల్లిని అంటుకున్న సన్నివేశాన్ని ఫానన్ రాశాడు. చదువుకున్న డాక్టరు, ఫ్రెంచి కవిత్వం నోటికొచ్చిన మనిషి, ఒక్క చూపుకి ముక్కలైపోతాడు. మళ్లీ కూడగట్టుకుందామంటే చేతికొచ్చేవి ఇతరులు తన గురించి చెప్పిన కథలే.

శాస్త్రం చేతిలో ఉన్నంత మాత్రాన మంచి జరుగుతుందనుకుంటే పొరపాటు. అల్జీరియాలో ఫ్రెంచి మానసిక వైద్యులు ఇంకో పని చేశారు. ఆంట్వాన్ పోరో నాయకత్వాన అల్జీర్స్‌లో ఒక వైద్య సంప్రదాయమే తయారైంది. స్థానిక ముస్లిం ఎదగని మనసువాడు, మూఢుడు, ఉద్రేకపడి నేరం చేసేవాడు అని అక్కడ డాక్టర్లకి పాఠంగా చెప్పారు. పోలీసు ఎఫ్ఐఆర్‌లో ఉండాల్సిన మాట వైద్య గ్రంథంలోకి ఎక్కింది. మన దేశంలోనూ ఇలాంటివి లేకపోలేదు. గిరీంద్రశేఖర్ బోస్ 1922లో కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘం పెట్టాడు. భారతీయ రోగుల మనసు యూరప్ రోగుల మనసులాగే ఉండాలనేం లేదని ఫ్రాయిడ్‌కే రాసిన ధైర్యవంతుడాయన. అదే సంఘంలో ఉన్న బ్రిటిష్ సైనిక వైద్యుడు బర్క్‌లీ హిల్ 1925లో హిందూ ముస్లిం ఐక్యత మీద వ్యాసం రాశాడు. రాంచీలో యూరోపియన్ల పిచ్చాసుపత్రికి అధికారి ఆయన. తల్లి, ఆవు, టోటెమ్ అనే మాటలతో రెండు మతాల వైరాన్ని వివరించబోయాడు. వాళ్ల మీద కూర్చున్న సామ్రాజ్యం ఏమైనట్టు? పరుపు మీద పడుకున్న రోగిని చూసినవాడు తను కూర్చున్న కుర్చీని చూడలేదు.

ఫానన్ ఆ కుర్చీని చూశాడు. అక్కడే ఆయన మాకు దగ్గరవాడయ్యాడు.

1953 నవంబరులో అల్జీరియాలోని బ్లిడా ఆసుపత్రికి వైద్యాధికారిగా వెళ్లాడు. ఆయన కిందికి వచ్చినవాళ్లు 165 మంది యూరోపియన్ స్త్రీలు, 220 మంది ముస్లిం పురుషులు. రోగులను కట్టేసి ఉంచడం కాదు, ఆసుపత్రినే ఒక చిన్న సమాజంగా మార్చాలని ఆయన పట్టుదల. స్త్రీల వార్డులో సమావేశాలు పెట్టాడు. పండగలు జరిపాడు. సినిమాలు వేయించాడు. రోగుల చేత పత్రిక నడిపించాడు. కొద్ది నెలల్లో వార్డు మొహమే మారిపోయింది. అదే పద్ధతి ముస్లిం వార్డులో పెట్టాడు. నెలలు గడిచినా ఏమీ జరగలేదు. రోగులు రారు. వచ్చినా మాట్లాడరు. అల్లికపని ఇస్తే ముట్టుకోరు.

పోరో శిష్యులైతే ఏమనేవారో చెప్పక్కర్లేదు. చూశారా, వీళ్లింతే అనేవారు. ఫానన్ మాత్రం తప్పు తనదన్నాడు. సహచరుడు జాక్ అజూలేతో కలిసి 1954లో రాసిన వ్యాసంలో ఆ తప్పును వివరంగా ఒప్పుకున్నాడు. అరబ్బీ రాకుండా దుబాసీని మధ్యన పెట్టుకుని మనసు విప్పమంటే ఎవరు విప్పుతారు? ఆడవాళ్ల పనిగా భావించే అల్లికను రైతు చేతికిస్తే ఎందుకు ముట్టుకుంటాడు? యూరప్ పద్ధతి నాటకం, పాట, పార్టీ వాళ్ల బతుకులో ఎక్కడున్నాయి? ఆ తరవాత ముస్లిం వార్డులో ఒక కాఫీ హోటలు తెరిచాడు, ఊళ్లో ఉండేలాంటిదే. ముస్లిం పండగలు జరిపించాడు. చేతికి పొలం పని ఇచ్చాడు. కథలు చెప్పేవాణ్ణి పిలిపించాడు. అప్పుడు వార్డు కదిలింది.

కథలు చెప్పేవాడు! మందులిచ్చే చోట కథకుడికి ఏం పని? మాకు మా నానీ గుర్తొచ్చింది. కరెంటు పోయిన రాత్రుళ్లు ఆరుబయట మంచం మీద కూర్చుని దక్కనీలో హాతింతాయి కథ చెప్పేది. 'హౌ', 'నక్కో' అంటూ మేం మధ్యలో అడ్డం వచ్చేవాళ్లం. ఉత్తరాది ఉర్దూ వచ్చినవాళ్లు ఆ భాష విని నవ్వేవారు. తెలుగు సినిమా అయితే దాన్ని జోకర్ నోట్లో పెట్టింది. ఆ నవ్వులు విన్నాక మేం నానీ భాషను వీధిలో మాట్లాడ్డం మానేశాం. బళ్లో తెలుగు, మసీదులో అర్థంకాని అరబ్బీ, పత్రికలో పుస్తకాల ఉర్దూ. నానీ కథ మాత్రం ఎక్కడా లేదు. ఫానన్ చెప్పిన మార్టినిక్ తల్లులు కూడా పిల్లలు క్రియోల్ మాట్లాడితే కసిరేవారు.

బ్లిడాలో జరిగిన ఇంకో సంగతి మాకు అన్నిటికన్నా ముఖ్యం. అమెరికాలో 1935లో హెన్రీ మర్రే, క్రిస్టియానా మోర్గాన్ ఒక పరీక్ష తయారుచేశారు. కొన్ని అట్టల మీద బొమ్మలుంటాయి. ఒక్కో బొమ్మ చూపించి కథ చెప్పమంటారు. చెప్పే కథలో మనిషి లోపలి గుట్టు బయటపడుతుందని నమ్మకం. ఫానన్, షార్ల్ జెరోనిమి కలిసి ఈ పరీక్షను అల్జీరియా ముస్లిం స్త్రీలకు పెట్టి చూశారు. 1956లో దాని మీద వ్యాసం రాశారు. స్త్రీలు కథలు చెప్పలేదు. బొమ్మలో కనిపించిన వస్తువులను ఒక్కొక్కటే ముక్తసరిగా చెప్పి ఊరుకున్నారు. వీళ్లకి ఊహాశక్తి లేదని రాసేసుకుంటే సరిపోయేది. కానీ ఆ అట్టల మీద ఉన్నది ఎవరి ఇల్లు? ఎవరి కిటికీ, ఎవరి దుస్తులు, ఎవరి మొహాలు? తమది కాని లోకం చూపించి నీ కథ చెప్పమంటే ఏం చెప్తారు?

ఆ పరీక్షలో ఒక ఖాళీ అట్ట కూడా ఉంటుంది. తెల్లగా, బొమ్మేమీ లేకుండా. దాన్ని చేతికిచ్చినప్పుడు ఆ స్త్రీలే నోరు విప్పారు. చిక్కని, నిండైన కథలు చెప్పారు.

ఈ సంగతి చదివాక చాలా రోజులు వేరే ఏదీ తలకెక్కలేదు. మాకు చిన్నప్పటి నించి ఇచ్చిన అట్టలన్నీ ఒకసారి గుర్తుచేసుకున్నాం. గడ్డం, లుంగీ, చేతిలో కత్తి ఉన్న సినిమా విలను. హీరో కోసం ప్రాణాలిచ్చి కథ సగంలోనే చచ్చిపోయే మంచి సాయిబు. బుర్ఖాలో ఒకే రకంగా నడిచే మొహంలేని ఆడవాళ్లు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చనిపోయినవాళ్లు నమాజుకి వచ్చిన ముస్లింలు. పోలీసులు పట్టుకెళ్లిందీ ముస్లిం కుర్రాళ్లనే. వాళ్లు తరవాత నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ రోజుల్లో ఒక పత్రిక ఆఫీసులో కూర్చుని వార్తలు తెలుగులోకి తిప్పుతున్న మా చేతిమీదుగానే 'పాతబస్తీ యువకుడు' అన్న మాట వెళ్లింది. అది చిరునామా కాదు, నేరారోపణ అని తెలిసి కూడా రాశాం. అట్ట మీద బొమ్మ ముందే గీసి ఉంది. మేం కింద పేరు రాసి ఇచ్చాం. ఈ తప్పు మాది. ఫానన్‌లాగా ఒప్పుకోకపోతే ఆయన్ని చదివి ప్రయోజనం లేదు.

ఫానన్ ఆసుపత్రి ఉద్యోగానికి 1956లో రాజీనామా చేసి, దేశ బహిష్కారానికి గురై ట్యునిస్ చేరాడు. హానిబాల్ పుట్టిన కార్తేజ్ అక్కడికి పక్కనే. అక్కడ విమోచనోద్యమ పత్రికకి రాశాడు, రోగులనీ చూశాడు. 1961లో 'భూమ్మీది అభాగ్యులు' వెలువడిన కొద్దిరోజులకే, డిసెంబర్ 6న, ముప్ఫయ్యారేళ్లకే లుకేమియాతో చనిపోయాడు. ఆ పుస్తకంలో కథకుల గురించి మళ్లీ రాశాడు. 1952, 53 నించి అల్జీరియా కథకులు పాత కథలనే కొత్తగా చెప్పడం మొదలుపెట్టారు. ఎప్పుడో జరిగిందనడం మానేసి, ఇక్కడ, ఇప్పుడు జరుగుతోందన్నట్టు చెప్పారు. ఊళ్లు మళ్లీ వాళ్ల చుట్టూ మూగాయి. 1955 నించి వలస ప్రభుత్వం కథకులను వరసపెట్టి అరెస్టు చేసింది. కథ మనిషిని తయారుచేస్తుందని సిద్ధాంతకర్తలకన్నా ముందు పోలీసులకే అర్థమైనట్టుంది.

మా ఇంటి భాషలోనూ 'నేను' గురించి పెద్ద చర్చ జరిగింది. ఇక్బాల్ 1915లో 'అస్రారే ఖుదీ' రాశాడు. అప్పటిదాకా ఖుదీ అంటే అహంకారం, వదిలించుకోవాల్సిన మురికి. ఇక్బాల్ ఆ మాటని తలకిందులు చేశాడు. ఖుదీని చెరపొద్దు, గట్టిపరచుకో అన్నాడు. అందులో హాఫిజ్‌ని విమర్శించినందుకు పెద్ద దుమారం లేచింది. తరవాతి ముద్రణలో ఆ పద్యాలు తీసేశాడు. ఒక తిట్టుమాటను ఎత్తి తలమీద పెట్టుకోవడం ఎంత పెద్ద పనో మాకు అక్కడ తెలిసింది. తెలుగు ముస్లిం కవులు తరవాత చేసిందీ అలాంటి పనే. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. ఒంటి మీద పుట్టుకతో వచ్చిన మచ్చ, దేశం ముందు నేరంగా మారిన మచ్చ. మరుసటేడు డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలింది. 1998లో 'జల్‌జలా' పేరుతో ముస్లింవాద కవిత్వం పుస్తకంగా వచ్చింది. 2004లో ముస్లిం కథలు 'వతన్' అయ్యాయి. 'సాయిబు' అన్న పిలుపు, నానీ దక్కనీ, గోష్ఠి సాహిత్యం ఎరగని మా వంటిళ్లు, తెలుగు అక్షరాల్లోకి వచ్చాయి.

అప్పుడు కొందరు పెద్దలు బాధపడ్డారు. సాహిత్యాన్ని మతంతో విడగొడుతున్నారన్నారు. అందరం మనుషులమే కదా అన్నారు. వారిలో మా మిత్రులు, లౌకికవాదులు కూడా ఉన్నారు. వారికి మా జవాబు ఒకటే. మేం విడగొట్టలేదు. మాకొక ఖాళీ అట్ట దొరికింది. ఇంతకాలం ముందే గీసిన బొమ్మలు చూపించి, మీరెందుకు మాట్లాడరు, మీరెందుకు ప్రధాన స్రవంతిలో కలవరు అని అడిగారు. బొమ్మ లేని కాగితం ఇచ్చినప్పుడు మాట్లాడాం. అంతే జరిగింది.

'మీరు తెలుగువాళ్లా, ముస్లింలా?' అని మమ్మల్ని ఇప్పటికీ అడుగుతారు. అడిగేవాళ్లకి ద్వేషం ఉండదు. తెలియకపోవడమే ఉంటుంది. ఆ తెలియకపోవడం ఎక్కణ్ణించి వచ్చింది? తళ్లికోటలో 1565లో విజయనగరం మీదికి నడిచిన సుల్తానుల్లో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా ఒకడు. అదే ఇబ్రహీం గద్దెనెక్కక ముందు ఏడేళ్లు విజయనగరంలోనే ఆశ్రయం పొందాడు. తెలుగు కవిత్వం మీద ఇష్టం పెంచుకున్నాడు. తెలుగు కవులు అతన్ని మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అతనికి అంకితమిచ్చాడు. తొలి అచ్చతెలుగు కావ్యం పొన్నెగంటి తెలగన్న 'యయాతి చరిత్ర'. సంస్కృతం సోకని తెలుగులో రాసిన ఆ కావ్యాన్ని అంకితం తీసుకున్నవాడు కుతుబ్‌షాహీ అధికారి అమీన్ ఖాన్. అచ్చతెలుగు పుట్టిన గుమ్మంలో ఒక ముస్లిం నిలబడి ఉన్నాడు. మా మాస్టారు తళ్లికోట చెప్పారు. అమీన్ ఖాన్ గురించి చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ రోజు తలలు తిరిగినా, చూపు వేరుగా ఉండేది.

అయితే ఒక హెచ్చరిక మాకు మేమే చేసుకోవాలి. సుల్తానుల వైభవం చూపించి మురిసిపోతే అది కూడా పరాయి అద్దమే అవుతుంది. సైకిలు షాపు కొడుక్కి కుతుబ్‌షాహీ కిరీటం పెట్టినంత మాత్రాన వాడి మొహం కనపడదు. చిన్న ఫ్రాయిడ్‌కి హానిబాల్ ఊతకర్ర. ఊతకర్ర నడవడానికే, పూజించడానికి కాదు. వలస దేశపు రచయిత గురించి ఫానన్ చెప్పిందీ ఇదే. మొదట పాలకుణ్ణి అనుకరిస్తాడు. తరవాత గతాన్ని తలుచుకుని ఊరట పొందుతాడు. చివరికి గాని నడుస్తున్న మనుషుల మధ్యకి రాడు. రెండో మెట్టు మీద ఆగిపోయేవాళ్లు మాలో చాలామంది ఉన్నారు.

ఇంకో సంగతి. మేం 'మేం' అంటున్నప్పుడు ఆ మాటలో ఎవరున్నారు? ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల సోదరులను ఉర్దూ వచ్చిన మేం ఎన్నిసార్లు సగం ముస్లింలన్నట్టు చూశాం? ఆ చూపుకీ తరగతి గదిలో మా మీద పడిన చూపుకీ తేడా ఏమిటి? మా చెల్లెళ్లు తమ కథ తామే రాసినప్పుడు, ఇంటి గుట్టు బయట పెట్టారని కోప్పడినవాళ్లం మేమే కదా? బ్లిడాలో ఖాళీ అట్ట తీసుకుని మాట్లాడింది స్త్రీలు. ఈ మాట మా మగవాళ్లు రాసిపెట్టుకోవాలి. మేం కూడా ఎవరి చేతికో ముందే గీసిన అట్ట ఇస్తున్నామేమో చూసుకోవాలి.

ఇప్పుడు మా పిల్లలు బడికెళ్తున్నారు. వాళ్ల చేతిలో ఫోనుంది. అందులో గంటకో బొమ్మ, గంటకో కథ. మాకు ఏడాదికొక్కసారి వచ్చిన తళ్లికోట వాళ్లకి రోజూ వస్తుంది. పోయిన ఏడాది ఇంట్లో చిన్నది బడి నించి వచ్చి అడిగింది. "అబ్బా, మనవాళ్లే తగలబెట్టారంట కదా?" అదే ప్రశ్న. మధ్యలో ఒక తరం గడిచిపోయింది.

టోపీ తీసుకున్నానని చెప్పి ఊరుకునే తండ్రులం కాదల్చుకోలేదు. పగ ప్రమాణం చేయించే హమిల్కార్లమూ కాదల్చుకోలేదు. ఆ రాత్రి కూచోబెట్టి ఇబ్రహీం విజయనగరంలో దాక్కున్న ఏడేళ్ల కథ చెప్పాం. తెలగన్న కథ, అమీన్ ఖాన్ కథ చెప్పాం. హంపీ నిజంగానే కాలిందనీ చెప్పాం, దాచలేదు. నానీ చెప్పిన దక్కనీలోనే చెప్పాం. మధ్యలో అది 'హౌ' అంది. కథ అయ్యాక నోటుబుక్కులోంచి ఒక తెల్లకాగితం చింపి దాని ముందు పెట్టాం. ఇంకా ఏమీ రాయలేదు. పెన్సిలు చెక్కుకుంటోంది.